సాత్తూరు వేపచెట్టు నాడి

సాత్తూరు అనగానే తమిళనాట చాలామందికి ముందు గుర్తొచ్చేది కారాసేవు. లావుపాటి కారప్పూస లాంటి ఆ తినుబండారం పొట్లం కొనకుండా ఈ ఊరు దాటేవాళ్లు తక్కువ. పాత తరం వాళ్లనడిగితే కలం పాళీలు కూడా గుర్తుచేస్తారు. బాల్‌పెన్నులు రాజ్యమేలక ముందు ఈ చిన్న ఊళ్లో పాళీల తయారీ కుటీర పరిశ్రమగా సాగేది.

మధురై నుంచి కన్యాకుమారి వెళ్లే దారిలో, విరుదునగరుకూ కోవిల్‌పట్టికీ నడుమ, వైప్పారు ఒడ్డున ఉన్న ఊరిది. వైప్పారు పేరుకు నదే గానీ ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకే కనిపిస్తుంది. చుట్టూ నల్లరేగడి నేల. తమిళులు దీన్ని ‘కరిసల్’ అంటారు. పత్తి, జొన్న, సజ్జ, మిరప. వాన పడితే పంట, లేకపోతే లేదు. ఈ మెట్ట సేద్యం కష్టసుఖాలు చూడటానికి కోవిల్‌పట్టిలో 1901లోనే వ్యవసాయ పరిశోధన కేంద్రం పెట్టారు. సేద్యాన్ని నమ్ముకోలేని జనం అగ్గిపుల్లల పనికీ, బాణసంచా పనికీ మళ్లారు. శివకాశి ఇక్కడికి దగ్గరే.

మన పాఠకులకు ఈ ప్రాంతంతో ఇంకో బంధుత్వం ఉంది. విజయనగర కాలంలోనూ, మధురై నాయకుల కాలంలోనూ వచ్చి స్థిరపడిన కమ్మవారు, రెడ్లు, రాజకంబళం నాయకులు, దేవాంగులు, ఇంకా ఎన్నో కులాల తెలుగు కుటుంబాలు ఈ పల్లెల్లో ఉన్నాయి. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, రాత మాత్రం తమిళంలోనే. కోవిల్‌పట్టి పక్కన ఇడైసెవల్‌లో పుట్టిన ప్రసిద్ధ తమిళ రచయిత కి. రాజనారాయణన్ ఇంటి భాష తెలుగే. తెలుగు నేల విడిచి దక్షిణాదికి వచ్చినవాళ్ల కథను ఆయన ‘గోపల్ల గ్రామం’లో చెప్పారు. ఆ వరుసలోదే అయిన ‘గోపల్లపురత్తు మక్కళ్’కు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఆయన 2021లో కన్నుమూశారు.

మా అక్క మెట్టినిల్లు సాత్తూరుకు తూర్పున ఉన్న ఇలాంటి ఒక పల్లెలోనే. ఈసారి ఆడి మాసంలో వెళ్లి వారం రోజులున్నాను. ఆడి అంటే మన ఆషాఢ శ్రావణాల సంధికాలం. దగ్గర్లోనే ఉన్న ఇరుక్కన్‌కుడి మారియమ్మ గుడికి జనం తండోపతండాలుగా వచ్చే నెల అది. ఆ గుడి అర్జునా నది, వైప్పారు కలిసేచోట ఉంది. ఆడి గాలుల నెల కూడా. ఆడి గాలికి సన్నికల్లు సైతం ఎగిరిపోతుందని తమిళంలో సామెత. ఆ గాలి రోజుల్లోనే ఊళ్లో ఒక వేపచెట్టు గురించి పెద్ద తర్జనభర్జన జరిగింది. అది చూశాక, విన్నాక, చెట్ల గురించి అంతవరకు నాకు తెలియని సంగతులు చాలా తెలిశాయి. వాటిని మీతో పంచుకుందామని ఈ వ్యాసం.

అమ్మవారి చెట్టు, బడిపిల్లల చెట్టు

ఈ దారిలో చెట్లకు చరిత్ర ఉంది. 17వ శతాబ్దం చివర మధురైని పాలించిన రాణి మంగమ్మ కన్యాకుమారి దాకా బాట వేయించి, ఇరువైపులా చెట్లు నాటించి, సత్రాలు కట్టించిందని ఈ ప్రాంతమంతా చెప్పుకుంటారు. దక్షిణాది జిల్లాల్లో ‘మంగమ్మాళ్ సాలై’ అన్న పేరు ఇప్పటికీ వినిపిస్తుంది. నాలుగు వరుసల రహదారి వచ్చాక పాత చింతచెట్లలో మిగిలినవి తక్కువ. అందుకే పల్లె లోపల మిగిలిన పెద్ద చెట్లంటే జనానికి మరింత ప్రాణం.

మా అక్కవాళ్ల ఊరి వేపచెట్టు గుడికీ బడికీ మధ్య ఉంది. ఒకవైపు ఊరి అమ్మవారి గుడి, ఇంకోవైపు పంచాయతీ ప్రాథమిక పాఠశాల. మాను చుట్టుకొలత పది అడుగుల పైమాటే. మండువేసవిలో కూడా నీడ చిక్కగా ఉంటుంది. బడిపిల్లలు మధ్యాహ్నం అన్నం తినేది ఆ నీడలోనే. ఊరి పంచాయితీలు, ముడుపులు, పొంగళ్లు అన్నీ అక్కడే.

నేను వెళ్లడానికి నెల ముందు, ఒక ఆదివారం మధ్యాహ్నం, గాలి లేకుండానే దాని కొమ్మ ఒకటి విరిగిపడింది. మనిషి నడుమంత లావు కొమ్మ. పిల్లలు కూర్చునే చోటే పడింది. ఆదివారం కాబట్టి సరిపోయింది. విరిగిన కొమ్మకు ఆకులన్నీ పచ్చగా ఉన్నాయి. పూత రాలి పిందె పట్టి ఉంది. మొదట్లో మాత్రం చెక్క తేనెపట్టులా డొల్లగా, గోధుమరంగు పొడిగా రాలింది.

అప్పటి నుంచి ఊరు రెండుగా చీలింది. కొట్టేయాలని పిల్లల తల్లిదండ్రులు, ముట్టుకోకూడదని గుడి పెద్దలు. మా అక్కకు మామ వరస అయ్యే పెద్దాయన గుడి వ్యవహారాలు చూస్తారు. ఆయన మాట ఒకటే: “పచ్చంగా ఉండాదే, దానికేం రోగం? కొమ్మ అన్నాక ఇరగదా?” బడి టీచరమ్మ తమిళురాలు. ఆవిడ మాటా ఒకటే: “రేపు ఆదివారం కాదు కదా!”

మా బావ అటవీశాఖలో పనిచేసి రిటైరయ్యారు. ఇరుపక్షాలవాళ్లూ ఆయన దగ్గరికే వచ్చారు. ఆయన అటూ ఇటూ చెప్పలేదు. “ముందు చెట్టును అడుగుదాం” అన్నారు.

చెవితో చూడటం

మర్నాడు తెల్లవారగానే బావ వెంట వెళ్లాను. ఆయన తెచ్చుకున్న సామాను ఇంతే: ఒక కొయ్య సుత్తి, సుద్దముక్క, కొలత టేపు, సన్నని ఇనుప ఊచ.

ముందు సుత్తి బయటికి తీయలేదు. నలభై అడుగుల దూరంలో నిలబడి చెట్టు చుట్టూ ఒక చుట్టు తిరిగారు. చెట్టు ఎటు వాలి ఉంది, కొమ్మల బరువు ఎటు ఎక్కువ, ఎండిన చివర్లు ఉన్నాయా అని చూశారు. తరువాత దగ్గరికి వచ్చి మొదలు చూశారు. మొదట్లోనే అసలు కథ ఉంటుందన్నారు.

మొదలు చుట్టూ నున్నటి సిమెంటు తిన్నె ఉంది. పైన పలకలు పరిచారు. మూడేళ్ల క్రితం భక్తితో ఎవరో కట్టించారు. అంతకు ముందు అక్కడ మట్టి తిన్నె ఉండేదట. బావ మొహం చిట్లించారు. “వేళ్లకు కూడా ఊపిరి కావాలి. మాను నేలలోకి దిగేచోట విప్పారి ఉండాలి, ఏనుగు పాదంలాగా. ఇక్కడ స్తంభం పాతినట్టు నిటారుగా దిగింది. అంటే పాదం సిమెంటులో పూడిపోయింది.”

బడివైపు, నేలకు జానెడు ఎత్తులో, మానుకు అతుక్కుని చెక్కపలక లాంటిదొకటి ఉంది. ఎర్రగోధుమ రంగు, పైన లక్క పూసినట్టు నిగనిగ, అంచు తెల్లగా. మనం కూర వండుకునే పుట్టగొడుగులా లేదుగానీ అదీ ఆ జాతిదే. గానోడెర్మా అంటారు. వేళ్లనూ మాను మొదలునూ కుళ్లబెట్టే శిలీంధ్రం. “ఏటేటా వానలకు వస్తాది, మేం పీకి పారేస్తాం” అన్నారు పెద్దాయన. “మీరు పీకింది కాయను పెద్దనాయనా. దాన్ని కాసిన తీగ లోపల ఉంది” అన్నారు బావ.

ఇంకొంచెం పైన పాత మోడు ఒకటి. కరెంటు తీగలకు అడ్డమని ఎప్పుడో ఒక పెద్ద కొమ్మను మూరెడు మిగిల్చి నరికారు. ఆ మోడు చుట్టూ బెరడు మూసుకోలేదు. నడుమ నల్లటి బిలం మిగిలింది. వాననీళ్లు, బూజు లోపలికి దిగడానికి అది రాచబాట.

అప్పుడు సుత్తి తీశారు. మోకాలి ఎత్తున, రొమ్ము ఎత్తున, తల ఎత్తున, మూడు వరుసల్లో చుట్టూ జానెడు జానెడుకు ఒక దెబ్బ. గట్టిగా కాదు, తలుపు తట్టినట్టు. తట్టినచోటల్లా చెవి ఆనించి విన్నారు. గట్టిచోట ‘టక్’మని పొడిగా పలికింది. కొన్నిచోట్ల ‘డుమ్’మని, ఖాళీ గాదె మీద తట్టినట్టు. గట్టిచోట నిలువుగీత, డొల్లచోట సున్న. మోకాలి ఎత్తున చుట్టూ పదమూడు జానలైతే బడివైపు వరసగా ఆరు సున్నలు. రొమ్ము ఎత్తున నాలుగు. తల ఎత్తున రెండు. గుడివైపు మూడు వరుసలూ గీతలే.

పెద్దాయన మాట్లాడకుండా సున్నలు లెక్కపెట్టుకున్నారు.

ఈ తట్టి వినే విద్య మనకు కొత్త కాదు. పుచ్చకాయ కొనేటప్పుడు, కుండ కొనేటప్పుడు మనమందరం చేసేదే. కలప వ్యాపారులు గొడ్డలి వెనకవైపుతో దుంగను కొట్టి చూస్తారు. మనుషుల వైద్యంలోకి కూడా ఈ విద్య ఇలాగే వచ్చింది. ఆస్ట్రియాలో ఆవెన్‌బ్రుగ్గర్ అని సత్రం యజమాని కొడుకు ఉండేవాడు. సారా పీపాలో ఎంత సరుకుందో తట్టి చెప్పడం చిన్నప్పుడు చూసినవాడు. పెద్దయ్యి వైద్యుడయ్యాక రోగుల రొమ్మును అలాగే తట్టి, లోపల నీరు చేరిందో లేదో చెప్పవచ్చని 1761లో పుస్తకం రాశాడు. పారిస్‌లో లెనెక్ 1816లో స్టెతస్కోపు కనిపెట్టింది ఆ తరువాతే.

చెట్టు బతికేది చర్మంతో

పచ్చటి చెట్టు లోపల కుళ్లడం ఎలా సాధ్యం? ఇది తెలిస్తే మిగతాదంతా తెలిసినట్టే.

చెట్టులో ప్రాణమున్న భాగం ఎక్కువగా బెరడు కింద ఉన్న పలచటి పొరల్లో ఉంటుంది. వేళ్ల నుంచి ఆకులకు నీరు ఎక్కేది బెరడు కింది తెల్లచెక్కలో. ఆకులు వండిన ఆహారం దిగేది బెరడు లోపలి పొరలో. నడిమధ్యనున్న చేవ దాదాపుగా ప్రాణం లేని కలపే. అది చెట్టుకు వెన్నెముక. కడుపు కాదు. శిలీంధ్రం తినేది ఆ నడుమనే. వెన్నెముక పొడైపోతున్నా నీళ్లు పైకి ఎక్కుతూనే ఉంటాయి గనుక ఆకుకు ఆ వార్త అందదు. పూత పూస్తుంది, కాయ కాస్తుంది. ఒకరోజు గాలికో, ఒక్కోసారి గాలి లేకుండానో, కూలుతుంది.

దీనికి తిరగేసిన సంగతి కూడా ఉంది. 2021లో తెలంగాణ పల్లెల్లో వేపచెట్లు కొనల నుంచి మాడిపోతుంటే జనం హడలిపోయారు. ఫోమోప్సిస్ అనే శిలీంధ్రం, దానికి తోడు తేయాకు దోమ అనే పురుగు అందుకు కారణమని శాస్త్రజ్ఞులు తేల్చారు. ఊరికి ఊరే మాడినట్టు కనిపించినా ఆ చెట్లలో చాలావరకు మళ్లీ చిగిర్చాయి. అంటే, ఎండినట్టు కనిపించింది బతకవచ్చు, పచ్చగా కనిపించింది కూలవచ్చు. కంటికి కనిపించే రంగు ఒక్కటే సాక్ష్యం కాదు.

కొబ్బరిది ఇంకో తరహా. 1952 తుపాను తరువాత తంజావూరు జిల్లాలో కొబ్బరిచెట్లను పట్టుకున్న తెగులుకు తంజావూరు తెగులనే పేరు స్థిరపడింది. అదీ గానోడెర్మా పనే. గోదావరి జిల్లాల కొబ్బరి రైతులకు దాని పేరు తెలియనిది కాదు. మొదట్లో ఎర్రగోధుమ రంగు జిగురు కారడం కనిపించేసరికి లోపల కుళ్లు బాగా ముదిరి ఉంటుంది. దానికి వాడే మందుల్లో వేపపిండి ఒకటి కావడం విచిత్రం. అదే శిలీంధ్రం వేపను మాత్రం వదలదు.

లోపలి కుళ్లు కనిపెట్టకపోతే ఏమవుతుందో చెప్పడానికి దూరం వెళ్లనక్కరలేదు. చండీగఢ్‌లో ఒక బడి ఆవరణలో 2022 జులై 8న వారసత్వ వృక్షంగా గుర్తించిన పాత రావిచెట్టు కూలింది. మధ్యాహ్నం చెట్టు నీడన ఉన్న పిల్లల్లో ఒకమ్మాయి చనిపోయింది. చాలామందికి దెబ్బలు తగిలాయి. మన గోదావరి గట్టున కొవ్వూరు దగ్గర కుమారదేవంలో వందలాది సినిమాలలో కనిపించిన ‘సినిమా చెట్టు’ 2024 ఆగస్టులో కూలింది. నూటయాభై ఏళ్ల నిద్రగన్నేరు అది.

సకాలంలో చూసుకున్నవీ ఉన్నాయి. పాలమూరు పిల్లలమర్రిని తలుచుకోండి. ఏడు వందల ఏళ్లదని చెప్పే ఆ మర్రి కొమ్మ 2017 డిసెంబరులో విరిగిపడింది. చూస్తే లోపలంతా చెద. 2018లో కొమ్మలకు సెలైన్ సీసాలు వేలాడదీసి, ఆసుపత్రిలో రోగికి ఎక్కించినట్టు చెదమందును బొట్టుబొట్టుగా ఎక్కించారు. వాలిన కొమ్మలకు స్తంభాలు కట్టారు. చెట్టు నిలిచింది. కలకత్తా దగ్గర శిబ్‌పూర్ తోటలోని మహావటం సంగతి ఇంకా గొప్పది. 1864, 1867 తుపానుల దెబ్బకు దాని అసలు మానుకు శిలీంధ్రం పట్టింది. చివరికి 1925లో తల్లిమానునే తీసేశారు. చెట్టు మాత్రం ఊడల మీదే నిలిచి ఇప్పటికీ విస్తరిస్తోంది. అడయారు దివ్యజ్ఞాన సమాజం మర్రి కూడా 1989 గాలివానలో తల్లిమానును పోగొట్టుకుని ఊడలతో బతుకుతోంది. పుట్టిన ఊరు విడిచి వచ్చినచోట ఊడలు దింపుకున్న మనకు ఈ రెండు చెట్లు బంధువుల్లాగే అనిపిస్తాయి. అయితే వేపకు ఊడలుండవు. ఉన్న ఒక్క మాను మీదే దాని బతుకు.

ఎంత గోడ మిగిలింది?

సుత్తి డొల్ల ఉందని చెబుతుంది. గోడ ఎంత మందం మిగిలిందో చెప్పదు. అసలు ప్రశ్న అదే, ఎందుకంటే డొల్ల అయినంత మాత్రాన చెట్టు బలహీనమని కాదు. వెదురు చూడండి. లోపల బోలే గదా, ఎంత గాలినైనా వంగి తట్టుకుంటుంది. లెక్క ప్రకారం, గుండ్రటి మానులో నడుమ నుంచి వ్యాసార్థంలో 70 శాతం మేర బోలుగా ఉన్నా, చుట్టూ గోడ సమంగా ఉంటే, వంపును తట్టుకునే బలంలో నాలుగింట మూడు వంతులు మిగిలే ఉంటుంది. జర్మనీలోని కార్ల్స్‌రూహెలో మాటెక్ అనే శాస్త్రజ్ఞుడు విరిగిన, నిలిచిన చెట్లను వందల సంఖ్యలో పరిశీలించి, మిగిలిన గోడ మందం వ్యాసార్థంలో 30 శాతానికి తగ్గితే ప్రమాదం పెరుగుతుందని ఒక గుర్తు పెట్టాడు. ఇది అందరూ ఒప్పుకున్న శాసనమేమీ కాదుగానీ చేతికందే కొలత. మా వేపచెట్టు చుట్టుకొలత 3 మీటర్ల 10 సెంటీమీటర్లు. అంటే వ్యాసార్థం దాదాపు 50 సెంటీమీటర్లు. గోడ కనీసం 15 సెంటీమీటర్లు ఉండాలన్నమాట.

దాన్ని కొలవడానికి ఇప్పుడు యంత్రాలున్నాయి. ఒకటి శబ్దంతో పటం గీసేది. మాను చుట్టూ చిన్న మేకులు దిగగొట్టి, వాటికి తీగలు తగిలించి, ఒక్కొక్క మేకునూ తడతారు. గట్టి చెక్కలో శబ్దం సెకనుకు వెయ్యి మీటర్లకు పైగా వేగంతో పోతుంది. గాలిలో అది సుమారు 340 మీటర్లే. దారిలో డొల్ల తగిలితే శబ్దం చుట్టూ తిరిగి ఆలస్యంగా చేరుతుంది. ఏ మేకు నుంచి ఏ మేకుకు ఎంతసేపు పట్టిందో కట్టి, కంప్యూటర్ మాను అడ్డకోత బొమ్మ గీస్తుంది. మనకు స్కానింగు తీసినట్టే. లోపల చీలిక ఉన్నా డొల్ల ఉన్నట్టే కనిపించవచ్చు కాబట్టి ఆ బొమ్మను చదవడానికి అనుభవం కావాలి. ఇంకొకటి సన్నసూది యంత్రం. 3 మిల్లీమీటర్ల మొన ఉన్న పొడవాటి సూదిని చెక్కలోకి తిప్పుతూ దింపుతారు. గట్టిచోట అది బరువుగా తిరుగుతుంది, కుళ్లినచోట తేలిగ్గా జారుతుంది. ఆ హెచ్చుతగ్గులు గుండె పరీక్ష కాగితంలా గీతగా వస్తాయి.

బావ పాత స్నేహితుడు ఒకాయన నాలుగో రోజున మధురై నుంచి ఆ సూది యంత్రం తెచ్చారు. సూది దింపడమూ చెట్టుకు గాయమే గనుక మూడుచోట్ల మించి వద్దన్నారు. గుడివైపు గోడ 22 సెంటీమీటర్లు. పక్కన 17. బడివైపు, ఆరు సున్నల నడుమ, 8.

బడి వరండాలో పంచాయితీ

ఆ సాయంత్రం ఊరు సమావేశమైంది. చెట్టు కింద కాదు, బడి వరండాలో. అలా చెట్టు కింద కాకుండా కూర్చోవడం తమ ఎరుకలో ఇదే మొదలని ఎవరో అన్నారు.

బావ మూడు అంకెలూ చెప్పారు. కొట్టేయక్కరలేదు, ఇలాగే వదిలేయనూ కూడదు అన్నారు. బడివైపు సాగిన పెద్ద కొమ్మ బరువంతా ఆ 8 సెంటీమీటర్ల గోడ మీద పడుతోంది. ఆ కొమ్మను తగ్గిస్తే గాలి పట్టు తగ్గుతుంది. సిమెంటు తిన్నె పగలగొట్టి వేళ్లకు ఊపిరి ఇవ్వాలి. చెట్టు కింద బడివైపు ఎవరూ కూర్చోకుండా కంచె కట్టాలి. ఏటా ఆడికి ముందు మళ్లీ తట్టి చూడాలి.

“అట్టా సేస్తే పడదని రాసిస్తావా?” అని అడిగారు ఒకరు. “నేను చెట్ల వైద్యుణ్ణేగానీ జోస్యుణ్ణి కాను. ప్రమాదం తగ్గుతుంది, పోదు. గోడ ఇంకా పలచబడితే అప్పుడు కొట్టేయమని నేనే చెబుతాను” అన్నారు బావ.

పెద్దాయన తల అడ్డంగా ఊపారు. “అమ్మవారి సెట్టు మీద కత్తి పెట్టరాదు.”

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు వెనక వరసలో కూర్చున్న ఒక అవ్వ లేచింది. “మా ఇంటాయనకు షుగరుతో కాలు కుళ్లితే డాక్టరు పాదం తీసేసినాడు. ఆ పొద్దు నేనూ ఇట్లానే ఏడిస్తిని. దాని తరవాత పదేండ్లు బతికినాడు మనిషి. తీయకపోతే పది దినాలు” అంది. కూర్చుంటూ, “అమ్మవారికి సెట్టూ కావాల, పిల్లకాయలూ కావాల” అని ముగించింది.

పెద్దాయన దాని మీద ఇంకేమీ అనలేదు. మర్నాడు పొద్దున్నే ఆయనే వెళ్లి చెట్టుకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, చెట్టుకు వినపడేటట్టు విషయం చెప్పుకున్నారు. ఆ తరువాతే రంపం ఎక్కింది.

కోయడంలోనూ ఒక పద్ధతి ఉందని ఆ రోజు చూశాను. కొమ్మ మానులో కలిసేచోట చిన్న ఉబ్బు ఉంటుంది, మెడపట్టీలాగా. ఆ ఉబ్బును గాయపరచకుండా దాని వెలుపల కోయాలి. మోడు పొడుగ్గా మిగల్చకూడదు, మానుతో సమంగా చెక్కనూ కూడదు. అమెరికా అటవీశాఖలో షిగో అనే శాస్త్రజ్ఞుడు 1959 నుంచి వేలాది చెట్లను నిలువునా కోసి చూసి చెప్పిన సంగతి ఇది. మన గాయంలో చచ్చిన కణాల స్థానంలో కొత్తవి వస్తాయి. చెట్టుకు అలా రావు. అది చెడిన భాగం చుట్టూ గోడలు కట్టుకుని, దాని వెలుపల కొత్త చెక్కను పెంచుకుంటుంది. చెట్టు గాయం మానదు, మూసుకుంటుంది. అందుకే తొర్రలో సిమెంటు నింపడం, కోసినచోట తారు పూయడం వంటి పాత వైద్యాలు ఇప్పుడు మానేశారు. తొర్రను గోకి శుభ్రం చేస్తే చెట్టు కష్టపడి కట్టుకున్న గోడను మనమే పగలగొట్టినట్టు.

మన పూర్వులూ ఈ విషయం పట్టించుకోకపోలేదు. వరాహమిహిరుడి బృహత్సంహితలో వృక్షాయుర్వేదానికి ఒక అధ్యాయమే ఉంది. ఆకులు పాలిపోవడం, చిగుళ్లు ఎదగకపోవడం, కొమ్మలు ఎండటం, రసం కారడం చెట్టు రోగానికి గుర్తులని అందులో చెప్పారు. పైకి కనిపించే గుర్తులవి. పైకి కనిపించని దాన్ని వినడం ఇప్పటి కాలం దానికి చేర్చిన అధ్యాయం అనుకోవచ్చు.

మన ఊరి చెట్టును చూసేటప్పుడు

మనలో ప్రతి కుటుంబానికీ ఎక్కడో ఒక ఊరుంది. ఆ ఊళ్లో గుడి దగ్గరో చెరువుగట్టునో ఒక చెట్టుంది. మనం డబ్బు పంపి తిన్నెలు కట్టించేదీ వాటికే. కాబట్టి బావ చెప్పిన నాలుగు మాటలు ఇక్కడ రాస్తున్నాను.

చెట్టు మొదలును సిమెంటుతో గానీ మట్టితో గానీ పూడ్చవద్దు. కట్టాలనుకుంటే వేళ్లకు దూరంగా, నీరు ఇంకేటట్టు వదులుగా కట్టించండి. మానుకు మేకులు కొట్టవద్దు, దీపాల తీగలు బిగించి చుట్టవద్దు. మొదట్లో చెక్కపలకల్లాంటి పుట్టగొడుగులు, బెరడు మీద తడి మరకలు, కారే జిగురు, చెదపుట్ట, కొత్తగా వచ్చిన వాలు, వేళ్ల దగ్గర నేల పగులు, మూసుకోని పాత మోడు కనిపిస్తే తెలిసినవాళ్లను పిలవండి. పిలిచాక వాళ్లు తట్టి చూడకుండానే ‘కొట్టేయండి’ అంటే నమ్మవద్దు, తట్టి చూడకుండానే ‘ఏమీ కాదు’ అన్నా నమ్మవద్దు. తొర్ర ఉందని చెట్టును చంపడమూ, పచ్చగా ఉందని పిల్లలను దాని కింద కూర్చోబెట్టడమూ రెండూ ఒక్కలాంటి తొందరపాటే.

ఇందులో మొదటి మెట్టుకు యంత్రం అక్కరలేదు, ఖర్చు లేదు. ఊరికి వెళ్లినప్పుడు చెట్టు చుట్టూ ప్రదక్షిణం ఎలాగూ చేస్తాం. ఈసారి కళ్లు మూసుకుని కాకుండా, కళ్లు తెరుచుకుని మొదలు చూస్తూ చేద్దాం.